పద్మనాభం తోటలో ఏది పెట్టాలి, ఏది వద్దు

విశాఖపట్నం

చిరంజీవులు పెద్దాడికీ చిట్టికీ, వాళ్లతో పాటు ఈ ఉత్తరం చదివే వాళ్ల స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన జాబితా చూశాను. పద్మనాభంలో అమ్మమ్మ తోటలో చిన్న ఇల్లు వేసుకుని, కరెంటు బిల్లూ గ్యాస్ బండా లేకుండా మన కాళ్ల మీద మనం నిలబడాలన్న ఆలోచన నాకు నచ్చింది. జాబితా మాత్రం ఇద్దరు వేరువేరు మనుషులు రాసినట్టుంది. ఒక పక్క సోలార్ పలకలు, లిథియం బ్యాటరీ, ఫోనుతో నడిచే డ్రిప్పు. ఇంకో పక్క మిక్సీ వద్దు రోలు చాలు, గ్యాస్ వద్దు కట్టెల పొయ్యి చాలు. కొత్తది కాబట్టి కొన్ని, పాతది కాబట్టి కొన్ని పెట్టేశారు. ఆ వస్తువు ఆగిపోయిన రోజున ఇంట్లో పని ఎలా జరుగుతుందని మాత్రం ఎక్కడా అడగలేదు.

నేను షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశాను. నడుస్తున్న యంత్రం దగ్గరికి ఫిట్టరుని ఎవరూ పిలవరు. అందుకే ఏ వస్తువుని చూసినా నాకు ముందు వచ్చే ఆలోచన, ఇది ఎక్కడ చెడుతుంది, చెడితే విప్పడానికి నట్టు ఉందా లేదా అని.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది. మీరు చిన్నపిల్లలు, గుర్తుండకపోవచ్చు. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. స్తంభాలు పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఊరికి తెలిసొచ్చింది ఏది దేనికి కట్టేసి ఉందో. నేల కింద సంపులో నీళ్లున్నాయి, పైకి ఎక్కించే మోటారు లేదు. బంకుల్లో పెట్రోలుంది, తోడే పంపుకి కరెంటు లేదు. ఏటీఎంలు లేవు, ఫోను టవర్లు లేవు. అయిదో అంతస్తులో ఉన్నవాళ్లు బిందెలు పట్టుకుని మెట్లు దిగి, మా వీధి చివర ఎవరూ పట్టించుకోని పాత చేతి బోరింగు దగ్గర వరసలో నిలబడ్డారు.

ఆ బోరింగు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అంత తెలివైన యంత్రం మన దేశంలో తక్కువ. దాని పేరు ఇండియా మార్క్ 2. అంతకు ముందున్న పోత ఇనుము పంపులు ఒక కుటుంబం వాడకానికి చేసినవి. ఊరంతా కొడితే విరిగిపోయేవి. సోలాపూర్‌లో తయారైన ఒక గట్టి పంపుని ఆధారంగా చేసుకుని 1970లలో యునిసెఫ్, మన ఇంజనీర్లు కలిసి దీన్ని రూపొందించారు. పేటెంటు పెట్టలేదు, ఏ కర్మాగారమైనా చేయొచ్చు. అందుకే ఒక ఊరి పంపుకి కావాల్సిన భాగం ఇంకో ఊళ్లో కొన్నా సరిపోతుంది. దానిలోనూ ఒక ఇబ్బంది ఉండేది. లోపల వాషరు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి, దానికి నలుగురు మనుషులు, సామాను కావాలి. తర్వాత వచ్చిన మార్క్ 3లో గొట్టం కదపకుండానే పిస్టను పైకి తీసే ఏర్పాటు చేశారు. ఊళ్లోవాళ్లే స్పానరుతో బాగుచేసుకోవాలని. ఏ యంత్రాన్నైనా ఎటు మెరుగుపరచాలో నన్నడిగితే, ముందు ఆ వైపు అంటాను.

అలాగని తోటలో మోటారు వద్దనను. నూతిలోంచి వెయ్యి లీటర్ల ట్యాంకు నింపాలంటే పది లీటర్ల చేదతో నూరు సార్లు తోడాలి. ఆ నూరు సార్లూ మీ అమ్మమ్మ తోడింది, మీ ముత్తాత తోడలేదు. కట్టెలూ ఆమే మోసింది, రోలూ ఆమే రుబ్బింది. "పాత పద్ధతే మేలు" అనేవాళ్లని చూస్తే నాకు ముందు ఆ పని ఎవరు చేస్తారని అడగాలనిపిస్తుంది. అరహెచ్‌పీ మోటారు అదే ట్యాంకుని ఒక యూనిట్‌లో చిన్న వంతుతోనే నింపేస్తుంది. మోటారు పెట్టండి. నూతి మీద గిలక, చేద మాత్రం తీసేయకండి. నూతికి కాంక్రీటు మూత వేసి గొట్టం ఒక్కటే లోపలికి దింపుతానని మేస్త్రీ చెబుతాడు, అందంగా కూడా ఉంటుంది. ఒప్పుకోవద్దు. చేద పట్టేంత సందు ఉంచి దానికి ఇనుప జాలీ తలుపు పెట్టించండి.

మిక్సీ సంగతి కూడా ఇందులోదే. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిప్పితే ఒక యూనిట్‌లో ఎనిమిదో వంతు. రెండు వేల వాట్ల గీజరు అరగంట వేస్తే పూర్తిగా ఒక యూనిట్. జాబితాలో మిక్సీ కొట్టేసి గీజరు ఉంచారు! మన వైపు చలి ఎంత ఉంటుందని గీజరు? పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కలే. రాత్రంతా తిరిగేది అది కాబట్టి అసలు పొదుపు అక్కడుంది. పండక్కి గారెల పిండి రోట్లో రుబ్బుకోండి, రుచికి. రోజూ రుబ్బమని మీ అమ్మకి చెప్పకండి.

ఇప్పుడు సోలార్. దీని గురించే మీకు ఎక్కువ ఉత్సాహం, దీని గురించే తక్కువ తెలుసు. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్ పలకలు ఎండ బాగుంటే రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంతా బాగుంది. అయితే ఆ సబ్సిడీ కరెంటు లైనుకి కలిపే పద్ధతికి. అలా కలిపిన మామూలు ఇన్వర్టరు లైనులో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కి తీగ బాగుచేసే లైన్‌మన్‌కి మన కరెంటు తగిలి ప్రాణం పోకూడదని అలా చేస్తారు, అది న్యాయమే. కాబట్టి తుఫాను పోయిన మర్నాడు నెత్తి మీద ఎండ మండుతున్నా, కప్పు మీద మూడు కిలోవాట్లున్నా, ఇంట్లో ఫ్యాను తిరగదు. డబ్బు కట్టిన చాలామందికి ఈ సంగతి మొదటిసారి కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. కరెంటు పోయినా నడవాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ కావాలి. ఖర్చు అక్కడ పెరుగుతుంది.

బ్యాటరీల్లో మీరు లిథియం రాశారు. ఎక్కువ ఏళ్లు వస్తుంది, బరువు తక్కువ, నీళ్లు పొయ్యక్కర్లేదు. ఒప్పుకుంటాను. లోపల సర్క్యూట్ బోర్డు పోయిందంటే మాత్రం దాన్ని చూసేవాడు భీమిలిలో దొరకడం కష్టం, పెట్టె మొత్తం కంపెనీకి పంపాల్సిందే. ట్యూబులర్ బ్యాటరీ, అంటే సీసంతో చేసే పాత రకం, నాలుగైదేళ్లకి పోతుంది, నెలనెలా డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. పోయాక దాన్ని కొట్టువాడు తూకం వేసి డబ్బిచ్చి తీసుకుంటాడు, అందులో సీసం మళ్లీ కరిగి ఇంకో బ్యాటరీ అవుతుంది. రెండు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఫోను, రేడియో. అంతవరకే బ్యాటరీ మీద పెట్టుకుంటే ట్యూబులర్ చాలు.

ఒక ఫిట్టరు మాట. పలకలు బిగించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. ఉప్పు గాలిలో రెండు వేరువేరు లోహాలు ఆనుకుని ఉంటే తడి తగిలినప్పుడల్లా వాటిలో ఒకదాన్ని తుప్పు తినేస్తుంది. అల్యూమినియం ఫ్రేముకి మామూలు ఇనుప బోల్టు వేసి వెళ్లిపోతారు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వేసి, దాని కింద నైలాన్ వాషరు పెట్టమనండి. హుద్‌హుద్ లాంటి గాలికి పలక తెరచాపలా లేస్తుంది, దాన్ని ఆపేది ఆ బోల్టే.

గోబర్ గ్యాస్ కూడా రాశారు. నలుగురైదుగురున్న ఇంటికి వంటకి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు కావాలి, దానికి రోజూ 50 కిలోల పేడ పడాలి. నాటు పశువు రోజుకి పది కిలోలు వేస్తుందనుకుంటే అయిదు పశువులు. మీ జాబితాలో ఒక్క ఆవు కూడా లేదు. ఊళ్లలో ఎండిపోయిన గోబర్ గ్యాస్ గుంటల్లో చాలావాటి కథ ఇదే, పశువులు అమ్మేశాక మిగిలిన గుంటలవి. మనం వాడే వంట గ్యాస్‌లో సగానికి పైగా దిగుమతి, నిజమే. అయినా ఇంటి లోపల కట్టెల పొగ మీ అమ్మ ఊపిరితిత్తుల్లోకి వెళ్లడానికి నేను ఒప్పుకోను. వంట గ్యాస్ మీద చేసుకోండి. స్నానాల నీళ్లు బయట పొయ్యి మీద కాచుకోండి, తోటలో జీడిమామిడి పుల్లలు, సరుగుడు మండలు రాలుతూనే ఉంటాయి. బండ ఎక్కువ రోజులు వస్తుంది, పొగ ఆకాశానికి పోతుంది.

ఇవన్నీ కొత్త ప్రశ్నలు కావు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నం చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. గాంధీగారు యంత్రాలకి శత్రువని మీ పుస్తకాల్లో చదివి ఉంటారు. ఈ ప్రకటన చదివితే అలా అనిపించదు. షరతులు చూడండి. చేత్తోగాని కాలితోగాని పల్లెటూరి ఇంట్లో నడవాలి. ఆడమనిషి పెద్ద అలుపు లేకుండా ఎనిమిది గంటలు పనిచేయగలగాలి. ఆ ఎనిమిది గంటల్లో 16 వేల అడుగుల నూలు రావాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. 20 ఏళ్లు మన్నాలి. ఏడాదికి మరమ్మతు ఖర్చు ధరలో 5 శాతం మించకూడదు, అంటే ఏడున్నర రూపాయలు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. ఆ షరతులు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి. 12 వేల రూపాయల నీళ్ల ఫిల్టరుకి ఆ లెక్కన ఏడాదికి 600 మించకూడదు. మీ ఇంట్లో సర్వీసు కుర్రాడికి, క్యాండిళ్లకి ఏడాదికి ఎంత కడుతున్నారో మీ అమ్మని అడగండి.

శ్రీకాకుళం దాటకముందే పొందూరు ఉంది. అక్కడ ఖద్దరుకి పత్తి గింజల్ని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. అంతకంటే చవకైన, మరమ్మతు అక్కర్లేని పనిముట్టు ఉంటుందా? గాంధీగారు మెచ్చిన నూలు అది. అయినా రోజంతా వడికిన ఆమెకి కూలి ఎంత గిట్టుతుందని అడిగితే నాకు మాట రాదు. మరమ్మతు పరీక్షలో నెగ్గిన పనిముట్టు కూలి పరీక్షలో ఓడిపోవచ్చు. అందుకే లక్ష రూపాయల షరతుల్లో నూలు ఎంత రావాలో కూడా రాశారు.

యంత్రాల మీద తన అభ్యంతరం నుంచి కుట్టు మిషన్ని గాంధీగారు మినహాయించారు తెలుసా? 1924లో ఒకాయన అడిగితే, సింగర్ మిషన్ లోకానికి పనికొచ్చిన కొద్ది వస్తువుల్లో ఒకటన్నారు. దాన్ని చేయడానికి పెద్ద యంత్రాలతో నడిచే కర్మాగారం కావాలి కదా అంటే, అవునన్నారు, అలాంటి కర్మాగారాలు ప్రజలందరివీ అయి ఉండాలన్నారు. అంటే అన్నీ మన పెరట్లోనే తయారు కావాలని పట్టు పట్టనక్కర్లేదు. ఇల్లు పెట్టుకోవాల్సినవి కొన్ని, వీధి పెట్టుకోవాల్సినవి కొన్ని, దేశం పెట్టుకోవాల్సినవి కొన్ని. కైలాసగిరి మీద తుఫానులు చూసే డాప్లర్ రాడార్ ఉంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకి పది వేలమందికి పైగా చనిపోయారు. హుద్‌హుద్ నేరుగా మన ఊరి మీదకే వచ్చినా ముందే తెలిసి లక్షలమందిని తరలించారు కాబట్టి ప్రాణనష్టం అంత జరగలేదు. అలాంటి రాడార్, ఉపగ్రహం లేకుండా బతుకుతామంటే నేను మీతో రాను.

ఏజెన్సీలో కొన్ని గ్రామాలకి కొండ మీద ఊట గెడ్డ నుంచి గొట్టం వేసి, పల్లానికి దానంతటదే పారేలా నీళ్లు తెచ్చుకున్నారు. మోటారు లేదు, బిల్లు లేదు. అది ఒక ఇంటివల్ల కాదు, ఊరంతా కలిస్తేనే అవుతుంది, గొట్టం పగిలితే వెళ్లి అతికేదీ వాళ్లే. మన తోట చదును నేలలో ఉంది కాబట్టి మనకి కుదరదు. డ్రిప్పు పెట్టుకోండి, ఎత్తు మీద డ్రమ్ము పెడితే దానంతటదే పారుతుంది. ఫోను అక్కర్లేదు.

ఎంత వాడాలన్నది కూడా ఆలోచించాలి. మన రేవులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు, మోటారు పడవలు వేటకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. తెడ్డుతో వెళ్లే తెప్పకి ఆ నిషేధం లేదు. మోటారు మంచిదా చెడ్డదా అని తేల్చుకుంటూ కూర్చోకుండా, దాని బలం చూసి దానికి సెలవు రోజులు పెట్టారు. మీ నూతి మోటారుకి కూడా అలాంటి లెక్క ఉండాలి. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. అందులో ఎంత నేలలోకి ఇంకిస్తారో చూసి, ఎంత తోడాలో అప్పుడు నిర్ణయించుకోండి.

మీరిద్దరూ ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు వెనకా అంటించిన కాగితం మీద వాట్లు ఉంటాయి. అవి రాసుకుని, రోజుకి ఎన్ని గంటలు వాడతారో పక్కన వేసి పంపండి. ఇంకో గడిలో, అది పాడైతే బాగుచేసేవాడు ఎక్కడున్నాడో రాయండి: ఇంట్లోనా, ఆటోనగర్‌లోనా, వేరే రాష్ట్రంలోనా. వేసవిలో నూతి నీళ్లు ఎంత లోతుకి దిగుతాయో తాడుతో కొలిచి అది కూడా రాయండి. నేను చూసి చెప్పేదాకా సోలార్ అమ్మేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇట్లు
మీ తాతయ్య