డిసెంబరులో కట్టాలా, జనవరిలోనా? అమెరికా స్టేట్ ట్యాక్స్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: విడతలుగా ముందస్తుగా కట్టే స్టేట్ ట్యాక్స్‌లో నాలుగో విడత గడువు జనవరి 15. ముందే కడితే ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: ఫెడరల్ రిటర్న్‌లో ఖర్చులను విడివిడిగా చూపే ఫారం షెడ్యూల్ ఎ. దాని కింద డిడక్షన్‌కు (ఆదాయంలోంచి మినహాయింపుకు) లెక్క, డబ్బు కట్టిన తేదీ. పన్ను ఏ ఏడాదిదన్నది కాదు. 2026 నాలుగో విడతను డిసెంబరు 31లోపు కడితే 2026లోనే డిడక్షన్, జనవరిలో కడితే 2027లో. న్యూజెర్సీలో సొంతిల్లున్న దంపతులను తీసుకోండి. ఇంటి లోన్ వడ్డీ 14,000 డాలర్లు, ప్రాపర్టీ ట్యాక్స్ 9,000, జీతంలో కోత పడిన స్టేట్ ట్యాక్స్ 12,000. మొత్తం 35,000. ఖర్చులు చూపకుండానే దంపతులకు దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 32,200 ఎలాగూ దాటేశారు. ఇక మిగిలిన 5,000 విడత డిసెంబరులోనే కడితే, 24 శాతం స్లాబులో ఈ ఏడాది ఫెడరల్ పన్ను 1,200 డాలర్లు తగ్గుతుంది. వచ్చే ఏడాది ఆ 5,000 ఉండదు కాబట్టి, అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్‌కు మారేవారికే ఇది పూర్తి లాభం.

అపోహ: స్టేట్, ప్రాపర్టీ ట్యాక్స్‌ల డిడక్షన్‌కు పది వేల డాలర్ల పరిమితి ఉండగా ఇదంతా దండగ.

వాస్తవం: అది 2018 నుంచి 2024 వరకు. 2025లో పరిమితి 40,000, 2026లో 40,400. కానీ 2026లో ఆదాయం 5,05,000 దాటితే, దాటిన మొత్తంలో 30 శాతం చొప్పున పరిమితి తగ్గుతూ 10,000 దగ్గర ఆగుతుంది. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చే షేర్లు) ఎక్కువగా చేతికొచ్చిన ఏడాది దెబ్బ తగిలేది ఇక్కడే. వచ్చే ఏడాది ఆదాయం తగ్గేలా ఉంటే జనవరి దాకా ఆగడమే మేలు. ఏఎంటీ (ఆల్టర్నేటివ్ మినిమమ్ ట్యాక్స్, వేరే పద్ధతిలో లెక్కగట్టే కనీస పన్ను) పడే ఏడాది కూడా తొందరపడొద్దు, ఆ లెక్కలో స్టేట్ ట్యాక్స్ డిడక్షనే లేదు.

అపోహ: ఎంత ఎక్కువ కడితే అంత డిడక్షన్.

వాస్తవం: అంత పన్ను నిజంగా పడుతుందనడానికి సహేతుకమైన లెక్క ఉండాలి. లేకపోతే ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్ ఒప్పుకోదు. అదనంగా కట్టింది వాపసు వస్తే, ఆ మొత్తాన్ని చూపే 1099-జి ఫారం వస్తుంది, ఆ చెల్లింపు వల్ల పన్ను తగ్గిన మేరకు అది మరుసటి ఏడాది ఆదాయం అవుతుంది. ప్రాపర్టీ ట్యాక్స్ అయితే కౌంటీయో టౌన్‌షిప్పో అసెస్ చేసి (పన్ను ఎంతో ఖరారు చేసి) ఉండాలి. వచ్చే ఏడాదికి మీరే ఊహించి కడితే చెల్లదు.

కట్టేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు, స్టేట్ వెబ్‌సైట్‌లో ట్యాక్స్ ఇయర్ తప్పుగా ఎంచుకోవడం. 2026 డిసెంబరులో కట్టే నాలుగో విడతకు ఎంచుకోవాల్సింది 2026 ఎస్టిమేటెడ్ పేమెంట్ (అంచనా పన్ను చెల్లింపు). డబ్బు తీసుకునే తేదీ డిసెంబరు 31 దాటకుండా పెట్టి, రసీదు దాచుకోండి. జీతం మాత్రమే ఉన్నవారు డిసెంబరు పే స్లిప్‌లోనే స్టేట్ కోత పెంచమని పేరోల్‌ను అడగవచ్చు.