గడి తప్పిన అక్షరచిత్రాలు: తెలుగు తెరపై బొమ్మ ఎందుకు చెదురుతుంది?

బతుకమ్మ పండుగ రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చుక్కలతో, నక్షత్రం గుర్తులతో, పూల ఎమోజీలతో పేర్చిన బతుకమ్మలు ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతుంటాయి. పంపినవారి తెరపై వరుస మీద వరుసగా నిలిచిన బొమ్మ అందుకున్నవారి తెరపై ఒక పక్కకు ఒరుగుతుంది. మధ్యలో తెలుగు పేరు చేర్చిన వరుసైతే పూర్తిగా చెదిరిపోతుంది. అక్షరాలు, గుర్తులతో బొమ్మ కట్టే ఈ అక్షరచిత్ర కళకు ఆధారమైన సమాన వెడల్పు గడి, అంటే ప్రతి గుర్తుకూ ఒకే కొలత చోటు, నేటి తెరల నుంచి చాలావరకు తొలగిపోవడం, కంప్యూటర్ గడిలో తెలుగు అక్షరానికి సరైన చోటు ఎన్నడూ కుదరకపోవడం ఇందుకు కారణాలు.

ఆ గడి టైపు మిషన్ నుంచి వచ్చింది. ఏ కీ నొక్కినా క్యారేజీ ఒకే కొలతలో జరుగుతుంది కనుక, అక్షరాలు వాటంతట అవే నిలువు వరుసల్లో పడతాయి. 1898లోనే ఫ్లోరా స్టేసీ అనే టైపిస్టు ఈ పద్ధతిలో సీతాకోకచిలుక బొమ్మను తీర్చిదిద్దారు. లోయర్, హయ్యర్ పరీక్షల కోసం మన జిల్లా కేంద్రాల ఇన్‌స్టిట్యూట్లలో మిషన్ల ముందు కూర్చున్న తరాలకు ఈ సమాన అడుగు చేతివేళ్లకు తెలిసిన విషయమే. తెలుగు మిషన్‌లో కొన్ని వత్తులు క్యారేజీ కదలకుండానే పడేవి. అక్షరం అందం కొంత తగ్గినా, తెలుగు ఒకప్పుడు గడిలో ఒదిగిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

1963లో అమెరికాలో, కంప్యూటర్ కోసం ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు అంకెల సంకేతాలిచ్చే ఆస్కీ ప్రమాణం వెలువడింది. దానిలోని 128 సంకేతాల్లో, ఖాళీతో కలిపి, అచ్చుకు వచ్చేవి 95 మాత్రమే. 1966లో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో కెన్ నోల్టన్, లియోన్ హార్మన్ ఒక ఫోటోను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగపు వెలుగుకు తగిన గుర్తును కంప్యూటర్ చేత ఎంపిక చేయించి పెద్ద చిత్రంగా అచ్చు వేశారు. అదే సూత్రం, వరుస వరుసగా అక్షరాలు అచ్చువేసే లైన్ ప్రింటర్ల మీదికి వచ్చినప్పుడు, నీడ చిక్కగా కావలసిన చోట ఒక అక్షరం మీద మరొకటి కొట్టే పద్ధతి కూడా తోడైంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఈ కళకు నిజమైన ఇల్లు అయింది. దాని 256 గుర్తుల్లో గీతలు, మూలలు, నిండు గడులు, పలుచని నీడల గడులు ఉండేవి. తెర 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు, అంటే 2,000 గడులు. రంగుల ఆదేశాలు తోడవడంతో యాన్సీ చిత్రాలనే రంగుల అక్షరచిత్రాలు పుట్టాయి, 1990లో ఏసిడ్ వంటి కళాకారుల బృందాలు ఏర్పడ్డాయి. టెలిఫోన్ లైన్ ద్వారా సెకనుకు 2,400 బిట్లు పంపే మోడెమ్ మీద నిండు తెర చేరడానికి రంగుల ఆదేశాలు లేకున్నా ఎనిమిది సెకన్లకు పైగా పట్టేది. చిత్రం పైనుంచి కిందికి వరుసగా రూపుదిద్దుకోవడాన్ని చూడడం కూడా ఆ కళలో భాగమే. ఆ ఫైళ్లను నేడు సాధారణ ఎడిటర్‌లో తెరిస్తే గీతల స్థానంలో పొంతన లేని యూరోపియన్ అక్షరాలు కనిపిస్తాయి, ఎందుకంటే సంకేతాల పట్టిక మారిపోయింది.

పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు గ్రాఫ్ కాగితంపై గడి గడికి రంగు నిర్ణయించి, ఆ లెక్క ప్రకారమే నూలుకు ముడులు కట్టి అద్దుతారు. ఒక్క గడి జరిగితే చీర మీద డిజైన్ అంచు చెదురుతుంది. అక్షరచిత్రానికీ సరిగ్గా ఇదే నియమం వర్తిస్తుంది.

తెలుగు ఈ నియమానికి ఎందుకు లొంగదు? ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి రూపం 1991లో వెలువడింది. అదే ఏడాది భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం కూడా ఖరారైంది. రెండూ వర్ణాలను భద్రపరిచాయి గాని అక్షరపు వెడల్పును నిర్ణయించలేదు. అది వాటి పని కూడా కాదు. నల్లగొండ అన్న పేరు చదివేవారికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు న, ల, పొల్లు, మళ్లీ ల, గ, ఒత్వం, సున్న, డ అని ఎనిమిది సంకేతాలు. వాటిని కలిపి చూపే బాధ్యత ఫాంటుది. విండోస్‌లో గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ల కొలతలు ఒకదానితో ఒకటి కలవవు. వాట్సాప్‌లో సమాన వెడల్పు అక్షరాలు ఎంచుకున్నా తెలుగు మాట మాత్రం వేరే ఫాంటులోకి జారుతుంది. ఎమోజీ బతుకమ్మ ఒరగడానికి కారణం పూలు కావు, వాటి ముందు పెట్టే ఖాళీలు. ఒక పువ్వుకు ఎన్ని ఖాళీలు సమానమన్నది ఫోన్‌ను బట్టి మారుతుంది.

జపాన్ కళాకారులు ఇదే చిక్కును మరో దారిలో దాటారు. ఎంఎస్ పీగోతిక్ అనే అసమాన వెడల్పు ఫాంటునే అందరూ ఆధారంగా తీసుకుని, దాని కొలతల మీదే బొమ్మలు కట్టారు. తెలుగుకు లోపించింది లిపి సామర్థ్యం కాదని, అందరూ ఒప్పుకున్న ఒకే ఫాంటు మాత్రమేనని దీన్నిబట్టి నా అభిప్రాయం.

ఈలోగా చాలామంది బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి పంపుతున్నారు. అలా చేస్తే బొమ్మ ఒరగదు గాని, అందుకున్నవారు అందులో తమ ఊరి పేరు మార్చి మరొకరికి పంపే వీలు పోతుంది. ఈ కళ ఇన్నేళ్లు బతికింది అలా చేతులు మారడం వల్లనే. మరోవైపు, చూపులేనివారి స్క్రీన్ రీడర్ అక్షరచిత్రంలోని ప్రతి గుర్తునూ వరుసగా చదువుతుంది కనుక, బొమ్మ ఏమిటో ఒక్క వాక్యం ముందుగా రాయడం అవసరం. ప్రస్తుతానికి బొమ్మను ఆస్కీ గుర్తులతో మాత్రమే కట్టి, సమాన వెడల్పు అక్షరాల్లో పెట్టి, తెలుగు మాటను దాని కింద విడి వరుసలో ఉంచితే రెండూ చెదరకుండా చేరతాయి.