సున్నా ఓట్లు, 62.2 శాతం: రిగ్గింగ్ జరిగిందో లేదో లెక్కలు ఎంతవరకు చెప్పగలవు

2009 అక్టోబర్ 11న మాస్కో సిటీ డూమాకి, అంటే ఆ నగరానికి అసెంబ్లీ లాంటిదానికి ఎన్నికలు జరిగాయి, అదే రోజు రష్యాలో ఇంకా చాలా ప్రాంతాల్లో లోకల్ ఎలక్షన్లు ఉన్నాయి. యాబ్లకో అనే ప్రతిపక్ష పార్టీ నాయకుడు సెర్గీ మిత్రోఖిన్ ఖమోవ్నికి ఏరియాలో 192వ నంబర్ బూత్‌కి వెళ్లి ఓటేసి వచ్చాడు. తీరా రిజల్ట్ షీట్ చూస్తే ఆ బూత్‌లో యాబ్లకోకి పడిన ఓట్లు సున్నా. పార్టీ నాయకుడే తన పార్టీకి ఓటెయ్యలేదంటే ఎవరైనా నమ్ముతారా? గొడవ కోర్టుకెక్కింది, తర్వాత మళ్లీ లెక్కపెడితే అదే బూత్ కాగితాల్లో యాబ్లకోకి 16 ఓట్లు దొరికాయి. అప్పటికే 35 సీట్లలో 32 అధికార యునైటెడ్ రష్యా పార్టీకి వెళ్లిపోయాయి, అక్టోబర్ 14న దేశ పార్లమెంట్‌లో ఉన్న మూడు ప్రతిపక్షాలూ ఈ లోకల్ ఎన్నికలకి నిరసనగా వాకౌట్ చేశాయి.

ఇంత క్లియర్‌గా దొరికే కేసులు చాలా అరుదు, ఎందుకంటే ఓటు రహస్యం. మనం వేసిన ఓటు ఏ లెక్కలోకి వెళ్లిందో మనకే తెలీదు, తెలియకూడదు కూడా. మరి అక్కడ మిగతా మూడు వేల పైచిలుకు బూత్‌ల సంగతేంటి, ఓడినవాళ్లు రిగ్గింగ్ అంటారు, గెలిచినవాళ్లు ఓడారు కాబట్టి ఏడుస్తున్నారు అంటారు, బయట కూర్చున్న మనకి ఎవరు నిజం చెప్తున్నారో తెలిసేదెలా? ఇక్కడే లెక్కల మనుషులు దిగారు. రష్యాలో ఒకప్పుడు ఎన్నికల సంఘం ప్రతి బూత్ ఫలితాన్నీ వెబ్‌సైట్‌లో పెట్టేది, లిస్టులో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది వచ్చారు, ఎవరికెన్ని పడ్డాయి, అన్నీ. దేశం మొత్తం మీద తొంభై వేలకి పైగా బూత్‌లు. అంత డేటా ఫ్రీగా దొరికితే ఫిజిక్స్ చదివినవాళ్లు ఊరికే ఉంటారా.

వాళ్లలో బాగా పేరొచ్చింది సెర్గీ ష్పిల్కిన్‌కి. ఆయన పద్ధతి వినడానికి సింపుల్‌గానే ఉంటుంది, చిన్న లెక్కతో చూద్దాం. ఒక బూత్ లిస్టులో 1000 మంది ఉన్నారనుకోండి, 500 మంది వచ్చారు, అధికార పార్టీకి 200, మిగతా అందరికీ కలిపి 300. అంటే పోలింగ్ 50 శాతం, అధికార పార్టీకి 40 శాతం. ఇప్పుడు సాయంత్రం ఎవరో ఒక కట్ట బ్యాలెట్లు తెచ్చి అధికార పార్టీకి 200 గుద్దేశారు. పోలింగ్ 70 శాతం అయిపోతుంది, ఆ పార్టీ వాటా 40 నుంచి 57కి ఎగురుతుంది. మిగతావాళ్ల ఓట్లు మాత్రం అదే 300 దగ్గర ఉండిపోతాయి. నిజంగానే జనం ఎక్కువ వచ్చి 70 శాతం అయ్యుంటే, వచ్చినవాళ్ల ఇష్టాలు అదే తీరులో ఉంటే, మిగతావాళ్లకి కూడా 420 దాకా రావాలి కదా, అవి రాలేదు. ఓట్లు గుద్దేవాడు పోలింగ్ శాతాన్నీ, ఒక్క పార్టీ వాటానీ కలిపి పైకి లాగుతాడు, ఇంకెవర్నీ లాగడు.

ఇప్పుడు బూత్‌లన్నిటినీ ఒక గ్రాఫ్ మీద చుక్కలుగా పెడితే, అడ్డంగా పోలింగ్ శాతం, నిలువుగా అధికార పార్టీ వాటా, మామూలు ఎన్నికల్లో చుక్కలన్నీ ఒక గుంపుగా మేఘంలా వస్తాయి. రష్యాలో 2011 డిసెంబర్ పార్లమెంట్ ఎన్నికలకి ఇలా గీస్తే కింద ఒక గుంపు, దాన్నుంచి కుడివైపు పైమూలకి, వంద శాతం పోలింగ్ వంద శాతం ఓట్ల మూలకి, పొడుగ్గా సాగిన తోక. ఆ మూలలో ఉన్న ఒక ఉదాహరణ చెచెన్యా అనే ప్రాంతం, అక్కడ యునైటెడ్ రష్యాకి అధికారికంగా 99.48 శాతం. ఆ ఎన్నికల్లో పార్టీకి మొత్తం వచ్చిన 3.2 కోట్ల ఓట్లలో కోటిన్నర దాకా లెక్కకి అందడం లేదని ష్పిల్కిన్ అంచనా.

ఆ డిసెంబర్‌లో మాస్కోలో జరిగిన ర్యాలీల్లో జనం గణిత శాస్త్రవేత్త గౌస్ పేరుతో ప్లకార్డులు పట్టుకున్నారు, చురోవ్‌ని నమ్మం గౌస్‌ని నమ్ముతాం అని. వ్లాదిమిర్ చురోవ్ అప్పటి ఎన్నికల సంఘం ఛైర్మన్, తమాషా ఏంటంటే ఆయన కూడా ఫిజిక్స్ గ్రాడ్యుయేటే. ప్లకార్డు బాగుంది గానీ దాని వెనక లెక్క సగమే కరెక్ట్ అని నా అభిప్రాయం. పోలింగ్ శాతాలు గౌస్ పేరుతో పిలిచే గంట ఆకారంలోనే, అంటే మధ్యలో ఎత్తుగా ఉండి రెండు పక్కలా సమానంగా దిగే గీతలోనే ఉండాలని రూలేం లేదు. పల్లెల్లో ఎక్కువమంది ఓటేసి, వాళ్లే అధికార పార్టీని ఎక్కువ ఇష్టపడితే తోక లాంటిది మోసం లేకుండానే రావచ్చు. ష్పిల్కిన్‌ని విమర్శించినవాళ్లు అడిగింది కూడా ఇదే, అది న్యాయమైన ప్రశ్న. దానికి ఒక జవాబు, ఒకే ఊళ్లో పక్కపక్క వీధుల బూత్‌లని పోల్చి చూడటం. ఒకే కాలనీ, ఒకే రకం జనం, ఒక బూత్‌లో 50 శాతం పోలింగ్, రోడ్డుకి అవతల 90 అంటే అప్పుడు పల్లె పట్నం కథ పని చెయ్యదు.

పల్లె పట్నం వాదనకి అసలు లొంగని ఆధారం ఇంకోటి ఉంది, నాకైతే ఈ మొత్తం కథలో అదే ఎక్కువ ఇష్టం. బూత్‌లని పోలింగ్ శాతం ప్రకారం సన్నగా, 0.1 శాతం చొప్పున విడగొట్టి ఏ శాతంలో ఎన్ని బూత్‌లున్నాయో గీస్తే గీత నున్నగా రావాలి. 84.9 శాతం వచ్చిన బూత్‌లు ఎన్నో 85.0 వచ్చినవీ దాదాపు అన్నే ఉండాలి, జనానికి 85 అంటే ప్రత్యేక ప్రేమ ఏముంటుంది. రష్యా డేటాలో మాత్రం 70, 75, 80, 85, 90 దగ్గర ముళ్లలా పైకి లేచాయి, అక్కడివాళ్లు దానికి చురోవ్ రంపం అని పేరు పెట్టారు. కోబాక్, ష్పిల్కిన్, ప్షెనిచ్నికోవ్ ముగ్గురూ కలిసి 2016లో దీని మీద పెద్ద పేపర్ రాశారు. భిన్నాల వల్ల కొన్ని ముళ్లు సహజంగానే వస్తాయి, చిన్న బూత్‌లో 40 మందిలో 20 మంది వస్తే సరిగ్గా 50 అవుతుంది, కాబట్టి వాళ్లు కంప్యూటర్‌లో అవే బూత్ సైజులతో వేలసార్లు దొంగ ఓట్లు లేని ఎన్నికలు నడిపించి చూశారు. అన్నిసార్లు నడిపినా అసలు డేటాలో ఉన్నంత ముళ్లు రాలేదు.

ఎందుకొస్తాయో ఊహించడం కష్టం కాదు. పైనుంచి 85 కావాలి అని మాటొస్తుంది. కింద కూర్చున్నవాడి లిస్టులో 1437 మంది ఉన్నారనుకోండి, ఫోన్‌లో లెక్కేస్తే 1221.45, మనిషిని ముక్కలు చెయ్యలేడు కదా, 1221 రాస్తే 84.97, 1222 రాస్తే 85.04, ఏది రాసినా 85.0 పక్కనే పడుతుంది. అంటే ముందు శాతం ఖాయమైంది, ఓట్లు తర్వాత పుట్టాయి. మామూలు కౌంటింగ్‌లో జరిగేది దీనికి రివర్స్.

2016లో సరాతోవ్ నగరంలో ఇది మరీ శృతిమించింది. వందకి పైగా బూత్‌లలో యునైటెడ్ రష్యాకి సరిగ్గా 62.2 శాతం. అదంత వింతేంటి, ఊరంతా ఒకేలా ఆలోచిస్తారేమో అంటారా, సరే అదే ఒప్పుకుందాం. నగరంలో ప్రతి బూత్‌లోనూ అసలు మద్దతు పక్కాగా 62.2 అనే అనుకుందాం, ఒక్కో బూత్‌లో వెయ్యి మంది ఓటేశారనుకుందాం. అప్పుడు కూడా ఏ వెయ్యి మంది వచ్చారన్న దాన్ని బట్టి ఫలితం ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఊగుతుంది, 61 రావచ్చు 64 రావచ్చు. సరిగ్గా 62.2 పడే ఛాన్స్ రెండున్నర శాతం దగ్గర ఉంటుంది. నాలుగొందల లోపు బూత్‌లున్న నగరంలో అలా ఓ పది బూత్‌లు పడాలి. పది ఎక్కడ వంద ఎక్కడ.

ఎన్నికల గొడవ ఎక్కడొచ్చినా నెట్‌లో ఎవరో ఒకరు బెన్‌ఫర్డ్ రూల్ తీసుకొస్తారు, సంఖ్యల్లో మొదటి స్థానంలో 1 ఎక్కువసార్లు రావాలి 9 తక్కువ రావాలి అని. బూత్‌లన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మొదటి అంకె మీద ఆ రూల్ అసలు వర్తించదు, దాన్ని పట్టుకుని దొంగ ఓట్లు అని అరిచేవాళ్లని సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు.

కొన్నిసార్లు గ్రాఫులేం అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు. 2018 సెప్టెంబర్ 16న పసిఫిక్ ఒడ్డున వ్లాదివొస్తోక్ రాజధానిగా ఉన్న ప్రిమోర్యే ప్రాంతంలో గవర్నర్ ఎన్నిక రెండో రౌండ్. ఒకవైపు తాత్కాలిక గవర్నర్ తారసెంకో, ఇంకోవైపు కమ్యూనిస్ట్ ఇష్చెంకో. 95 శాతం బూత్‌ల లెక్క అయ్యేసరికి ఇష్చెంకో 51.6, తారసెంకో 45.8, తేడా 5.8. ఆ తర్వాత కొన్ని గంటల్లో తారసెంకో దాదాపు ఒకటిన్నర శాతం ఆధిక్యంలోకి వచ్చేశాడు. బూత్‌లన్నీ ఒకే సైజు అనుకుంటే ఇష్చెంకో లీడ్ మొత్తం ఓట్లలో ఐదున్నర శాతం, మిగిలిన ఓట్లు ఐదు శాతమే, అవన్నీ ఒక్కటి కూడా పోకుండా తారసెంకోకే పడినా సరిపోవు. పెద్ద బూత్‌లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఇది కచ్చితమైన రుజువు అనలేం, కానీ మిగిలినవి కాస్త పెద్ద బూత్‌లే అయినా ఎదుటివాడికి దాదాపు ఏమీ పడకూడదు, అప్పుడే ఈ లెక్క కుదురుతుంది. ఇది ఎంత అడ్డంగా ఉందంటే సెంట్రల్ ఎన్నికల సంఘమే ఫలితం రద్దు చెయ్యమంది, రద్దయింది. డిసెంబర్‌లో మళ్లీ ఎన్నిక పెట్టారు, అందులో ఇష్చెంకోని పోటీకే రానివ్వలేదు, సపోర్ట్ సంతకాలు సరిగా లేవని నామినేషన్ తిప్పికొట్టారు, మాస్కో పంపిన కొత్త అభ్యర్థి కోజెమ్యాకో గెలిచాడు. లెక్క తప్పని తేలినంత మాత్రాన లీడ్‌లో ఉన్నవాడికి పదవి రాదన్నమాట.

ఈ గ్రాఫులన్నీ అనుమానం పెంచుతాయి గానీ, కారణం ఇదీ అని తేల్చాలంటే మందుల మీద చేసినట్టు ట్రయల్ కావాలి. అది కూడా చేశారు, 2011లోనే మాస్కోలో. 3164 బూత్‌లలో 156 బూత్‌లని లాటరీ పద్ధతిలో ఎంచుకుని అక్కడికి స్వతంత్ర పరిశీలకుల్ని పంపారు. లాటరీ కాబట్టి ఆ బూత్‌ల జనానికీ మిగతా జనానికీ తేడా ఉండటానికి కారణం లేదు, ఉన్న తేడా ఒక్కటే, పక్కన ఒక మనిషి కూర్చుని చూస్తున్నాడు. పరిశీలకులు లేని చోట యునైటెడ్ రష్యాకి 47 శాతం, ఉన్న చోట 36. ఎనికోలోపోవ్ బృందం 2013లో దీన్ని పబ్లిష్ చేసింది. పరిశీలకుడు ఉన్న చోట కూడా కొంత జరిగుండొచ్చు కాబట్టి 11 శాతం అనేది కనీస లెక్క. పల్లె, పట్నం, ఇష్టాలు, అలవాట్లు అనే వాదనలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి ఇక్కడ, అందుకే నేను ష్పిల్కిన్ తోక కంటే ఈ 156 బూత్‌లని ఎక్కువ నమ్ముతాను.

ష్పిల్కిన్ పద్ధతికి ఒక పెద్ద గుడ్డిచుక్క కూడా ఉంది. బయటి నుంచి ఓట్లు తెచ్చి గుద్దితే పోలింగ్ పెరుగుతుంది కాబట్టి దొరుకుతారు, ఒకరి ఓట్లు తీసి ఇంకొకరి ఖాతాలో వేస్తే పోలింగ్ శాతం కదలదు, గ్రాఫ్‌లో ఆ తోక రాదు. మిత్రోఖిన్ బూత్‌లో జరిగింది అలాంటిదే అయ్యుంటే, ఓటర్ తనే వచ్చి నా ఓటేది అని అడగాల్సిందే తప్ప ఈ గణితం పట్టుకోదు.

దేనికైనా బూత్ వారీ డేటా బయటికి రావాలి. 2021 సెప్టెంబర్ ఎన్నికల్లో రష్యా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో నంబర్లు కంటికి మామూలుగానే కనిపించేవి, కాపీ చేస్తే మాత్రం చెత్త అక్షరాలు వచ్చేవి, ప్రోగ్రామ్‌తో లాగడానికి వీల్లేకుండా ఫాంట్‌తో ఆటలాడారు. ప్రోగ్రామర్లు కొద్ది రోజుల్లోనే దాన్నీ విప్పేశారనుకోండి. పోలింగ్ ఒక్క రోజు పోయి మూడు రోజులైంది, అంటే రెండు రాత్రులు బాక్సులు లోపలే ఉంటాయి. 2012 నుంచి ఎవరైనా చూడగలిగిన బూత్ కెమెరాల లైవ్ కూడా మామూలు జనానికి ఆపేశారు. గోలోస్ అనే పరిశీలకుల సంస్థ కో ఛైర్మన్ గ్రిగోరీ మెల్కొన్యాంట్స్‌కి 2025 మేలో ఐదేళ్ల జైలు పడింది, జూలైలో సంస్థ మూతపడింది.

అదే 2021లో మాస్కోలో దాదాపు 20 లక్షల మంది ఆన్‌లైన్‌లో ఓటేశారు. కాగితం ఓట్ల లెక్కలో చాలా నియోజకవర్గాల్లో ప్రతిపక్షం ముందుంది, ఆన్‌లైన్ ఫలితాలు గంటల కొద్దీ ఆలస్యంగా వచ్చి కలిశాక మొత్తం 15 చోట్లా అధికారపక్షం మద్దతున్నవాళ్లే గెలిచారు. ఆన్‌లైన్ ఓటుకి వీధి చివర బూత్ ఉండదు, పక్క బూత్‌తో పోల్చడం కుదరదు, పక్కన కూర్చుని చూడటానికి పరిశీలకుడికి కుర్చీ కూడా ఉండదు. ముళ్లు, తోకలు, 62.2లు వెతకాలంటే వేల బూత్‌ల నంబర్లు కావాలి, ఇక్కడ ఒక్కో నియోజకవర్గానికి అధికారిక ఫలితంగా వచ్చేది ఒక్క టోటల్.