బండికి తుపాకి కట్టినంత మాత్రాన పగ పుట్టదు: బండ్ల పోరు గేముల గురించి అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్ళుగా వీడియో గేముల్లో బండ్లను నడిపించే కోడు రాస్తున్నాను. తిరుపతిలో ఇంట్లో కూర్చునే పని. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి బండ్ల పోరు గేములు, అందులోనూ పగ తీర్చుకోవడానికి ఒక మనిషి రోడ్డెక్కే కథలు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళ నుంచీ, వాళ్ళ అమ్మానాన్నల నుంచీ ఈ గేముల గురించి ఏళ్ళ తరబడి కొన్ని మాటలు వింటున్నాను. వాటిల్లో చాలావరకు నిజం కాదు.

అపోహ: ఇది కూడా కారు రేసే, పైన తుపాకులు తగిలిస్తే సరి.

రేసులో ఆటగాడి చూపు ముందుకే ఉంటుంది. ఈ మలుపు, దాని తర్వాతి మలుపు, అంతే. పోరులో ఎదుటి బండి పక్కనుంటుంది, వెనకుంటుంది, దుమ్ములో మాయమవుతుంది. బండి ముక్కు తిప్పితే గాని తుపాకి తిరగదు. ముక్కు తిప్పాలంటే వేగం తగ్గించాలి. వేగం తగ్గిందా, దెబ్బ తగులుతుంది. ఈ మూడింటి మధ్య నలిగే క్షణమే అసలు ఆట. అందుకే రేసు బండిని రోడ్డుకు అతుక్కునేలా చేస్తే, పోరు బండికి హ్యాండ్‌బ్రేకు లాగిన వెంటనే వెనక టైర్ల పట్టు కావాలనే తగ్గిస్తాం. అప్పుడే అది ఉన్నచోట గిర్రున తిరుగుతుంది.

గురి లెక్క కూడా వేరే. ఎదుటి బండి సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్లతో, అడ్డంగా పోతోందనుకోండి. నా రాకెట్టు అక్కడికి చేరడానికి ఒక సెకను పడితే, బండిని చూసి కొట్టినా తగలదు. దాని ముందు 20 మీటర్ల దూరంలో ఉన్న ఖాళీని చూసి కొట్టాలి. మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలిన మా తాతకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. శత్రువు బండ్లను నడిపే కోడుకు మాత్రం నేను నేర్పాలి. నేర్పాక, కొంచెం గురి తప్పడం కూడా నేర్పాలి. ప్రతి దెబ్బా తగిలే శత్రువుతో ఎవరూ రెండోసారి ఆడరు.

అపోహ: ఫిజిక్స్ ఎంత నిజంగా ఉంటే బండి అంత నిజంగా అనిపిస్తుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందు నమ్మేది ఇదే. భూమ్యాకర్షణ 9.8 అని పుస్తకంలో ఉంది, అదే పెడతారు. బండి గుట్ట మీంచి దూకగానే బూరలాగా తేలుతుంది. తెర మీద బండి చిన్నదిగా, కొంచెం దూరం నుంచి కనిపిస్తుంది కాబట్టి మన కంటికి నిజమైన పతనం నెమ్మదిగా తోస్తుంది. అందుకే ఆ అంకెను పెంచుతాం. బరువు కేంద్రాన్ని బండి అడుగు దాకా దించుతాం, లేకపోతే ప్రతి మలుపులో పల్టీయే. చక్రాలు కూడా చాలా గేముల్లో చూడ్డానికే గుండ్రంగా తిరుగుతాయి. లోపల జరిగేది వేరు. చక్రం ఉన్నచోటి నుంచి కిందికి ఒక గీత వదిలి, నేల ఎంత దూరంలో తగిలిందో చూసి, అంతకు తగ్గట్టు ఒక స్ప్రింగు బండిని పైకి తోస్తుంది.

ఆ స్ప్రింగు ఎంత ఊగాలన్నది నేను కంప్యూటర్ ముందు నేర్చుకోలేదు. మా ఆటోనగర్‌లో ఒక ముసలి మెకానిక్ కారు బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కి వదిలేవాడు. “చూడు నాయనా, ఒక్కసారి లేచి కూర్చునిందంటే షాకబ్జరు బాగున్నట్టు. ఊగతానే ఉందంటే పోయినట్టు” అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి నా కోడులో ఒకే ఒక్క అంకె మార్చాను, బండికి బరువు వచ్చింది. అప్పటిదాకా మూడు వారాలు ఇంజను శబ్దం పెంచి, పొగ పెంచి, బరువు ఎందుకు రావట్లేదా అని తంటాలు పడ్డాను.

అపోహ: పాత గేము కొత్త కంప్యూటర్‌లో ఇంకా బాగా ఆడుతుంది.

1997లో యాక్టివిజన్ సంస్థ ‘ఇంటర్‌స్టేట్ ’76’ అనే గేము విడుదల చేసింది. ‘మెక్‌వారియర్ 2’ అనే భారీ యంత్రాల యుద్ధపు గేము ఇంజను, అంటే ఆ గేమును నడిపే మూల కోడు, మీద దాన్ని కట్టారు. ఈ రకం గేముల్లో నా మనసు గెలుచుకున్నది అదే. నేటి వేగమైన కంప్యూటర్‌లో దాన్ని ఉన్నదున్నట్టు నడిపిస్తే ఫిజిక్స్ గతి తప్పుతుంది. బండి ఎట్లా కదలాలన్న లెక్క, బొమ్మ ఎన్నిసార్లు గీస్తున్నామన్న దానితో ముడిపడి ఉండడమే కారణం. అందుకే అభిమానులు ఫ్రేముల వేగానికి, అంటే సెకనుకు గీసే బొమ్మల లెక్కకు, కళ్ళెం వేసి ఆడుకుంటారు.

ఇదే తప్పు నేనూ చేశాను. ఒక కాలేజీలో మా మొదటి గేము చూపించబోతే, నా దగ్గర బుద్ధిగా నడిచిన జీపు అక్కడి కొత్త కంప్యూటర్‌లో మొదలైన క్షణంలోనే ఆకాశానికి ఎగిరిపోయింది. ఆ రాత్రే మొత్తం తిరగరాశాను. బొమ్మ సెకనుకు 30 సార్లు గీసినా 144 సార్లు గీసినా, బండి లెక్క మాత్రం సెకనుకు సరిగ్గా 60 సమాన ముక్కలుగా జరగాలి. మిగిలిన కాలాన్ని తర్వాతి ఫ్రేముకు దాచిపెట్టాలి. తూటా సంగతి ఇంకోటి. సెకనుకు 800 మీటర్లు పోయే తూటా ఒక్క ముక్క కాలంలో 13 మీటర్లు దాటేస్తుంది. మధ్యలో గోడ ఉన్నా దానికి తెలియదు. అందుకే తూటాను వస్తువులా కదపకుండా, గీత గీసి ఏది తగిలిందో చూస్తాం.

అపోహ: ఇవి ఆడితే పిల్లలు రౌడీలవుతారు.

ఈ భయం కొత్తది కాదు. 1976లో ఎక్సిడీ సంస్థ, మనిషి లాంటి బొమ్మలను కారుతో గుద్దే ‘డెత్ రేస్’ గేము తెచ్చినప్పుడే అమెరికాలో గొడవ జరిగింది, ఆ నలుపు తెలుపు తెర మీద మనిషి బొమ్మ పోల్చుకోవడమే కష్టమైనా. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ళ పిల్లలు 1,004 మందిని పరిశీలిస్తే, హింస ఉన్న గేములకూ పిల్లల దూకుడుకూ సంబంధం కనబడలేదు.

అయితే ఒక తల్లి నన్ను “మావాడు ఇది ఆడి రేపు బండెక్కితే ఎట్లా అన్నా?” అని అడిగితే, ఈ అంకె చెప్పి తప్పించుకోలేదు. ఆమె అడిగింది కొట్లాట గురించి కాదు, రోడ్డు గురించి. 2007లో జర్మనీ పరిశోధకులు రేసు గేములు ఆడినవాళ్ళలో నడిపేటప్పుడు ప్రమాదానికి తెగించే ధోరణి పెరగడం గమనించారు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తిరుమల ఘాట్ రోడ్డులో నిర్ణీత సమయం కంటే ముందే చేరిన బండికి జరిమానా వేసిన ఊరు మనది. బండి ఆటకూ రోడ్డుకూ మధ్య ఒక రాత్రి నిద్రయినా ఉండాలని ఆమెకు చెప్పాను. ఆడి లేచిన వెంటనే తాళాలు ఇవ్వొద్దన్నాను.

అపోహ: ఈ పని బెంగళూరుకో హైదరాబాదుకో పోతే తప్ప కాదు.

మంచి కంప్యూటరు, నెట్టు, ఓపిక ఉంటే చాలు. మా గేములో లారీ శబ్దాలన్నీ భాకరాపేట ఘాట్‌లో పట్టుకున్నవే. ఎక్కే లారీ మొదటి గేరులో మూలిగే మూలుగు స్టూడియోలో దొరకదు.

అపోహ: పగ ఒక సాకు. కథ ఎవరు చూస్తారు?

నేను అస్సలు ఒప్పుకోనిది ఇదే. ‘ఇంటర్‌స్టేట్ ’76’లో చమురు కొరత తీరని 1976 నాటి అమెరికా నైరుతి ప్రాంతం కనబడుతుంది. గ్రూవ్ ఛాంపియన్ అనేవాడు తన తోబుట్టువైన జేడ్‌ను చంపిన మలోకియో కోసం వెతుకుతుంటాడు. నడిపేది ఎవరి బండి? జేడ్ బండి. పక్కన తోడు వచ్చేది జేడ్ సహచరుడు టారస్. పోరు ముగిశాక ఓడిన బండ్ల సామాన్లు ఏరి, స్కీటర్ అనే మెకానిక్‌తో దాన్ని బాగుచేయించాలి. బండికి ముందు, వెనక, ఎడమ, కుడి వేరువేరుగా దెబ్బలు తగులుతాయి. ఎడమ తలుపు చితికితే చితికింది చనిపోయిన మనిషి తలుపు. ఇంక కథ చెప్పడానికి మాటలెందుకు? ఒక మీట నొక్కితే టారస్ కవిత చదువుతాడు. ఆడేవాడు ఆ కాసేపు కాల్పులు మాని వింటాడు.

పగ తర్వాత ఏమిటన్నది నాకు మా ఊరి గంగమ్మ జాతరే నేర్పింది. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడు భయపడి దాక్కుంటే, అమ్మ రోజుకో వేషం కట్టి వెతికిందని మా పెద్దలు చెబుతారు. బైరాగి, బండ, తోటి వేషాలకు వాడు బయటికి రాలేదు. దొర వేషానికి మోసపోయి వచ్చి తల పోగొట్టుకున్నాడు. కథ అక్కడ ఆగదు. తర్వాత అమ్మ మాతంగి వేషంలో ఆ పాలెగాడి ఇంటి ఆడవాళ్ళనే ఓదార్చడానికి వెళుతుంది. చిన్నప్పుడు మే నెల ఎండలో వేషాల వెంట పరిగెత్తిన నాకు ఆ మాతంగి ఎందుకో అర్థం కాలేదు. గేము చివరి దశ రాయడానికి కూర్చున్నప్పుడు అర్థమైంది.

మా గేములో శత్రువు బండి కాలిపోయాక విజయ సంగీతం లేదు. తుపాకుల మీటలు పనిచేయవు. చితికిన బండితో, పట్టు తప్పిన ముందు చక్రంతో, నాలుగు నిమిషాలు నడిపి వాడి ఇంటి వాకిటికి చేరాలి. ఆ నాలుగు నిమిషాలు తీసేయమని చాలామంది అన్నారు, తీయలేదు. వాకిట్లో ఒక ముసలామె నిలబడి ఉంటుంది. అక్కడ మేము ఆటను ముగించం. ఇంజను అట్లాగే తిరుగుతూ ఉంటుంది, తాళం తిప్పి ఆపాల్సింది ఆడేవాడే.