సైలెన్సర్ మార్చాక కార్బొరేటర్ సంగతి

పిల్లలూ,

మీ నాన్న పాత బుల్లెట్ 350కి మీరిద్దరూ కలిసి బయట కొన్న సైలెన్సర్ బిగించారట. అప్పటినుంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఢబ్ ఢబ్ అంటోందనీ, కార్బొరేటర్‌లో పెద్ద మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే చిల్లున్న చిన్న ముక్క) వేస్తే సరిపోతుందని ఎవరో అన్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పుడే జెట్ కొనకండి.

కంపెనీ సైలెన్సర్ లోపల అడ్డాలు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. అవి లేకపోతే కాలిన పొగ త్వరగా బయటికి పోతుంది, కొత్త గాలి ఎక్కువ లోపలికొస్తుంది. గాలి పెరిగితే కార్బొరేటర్ పెట్రోలు కూడా ఎక్కువే లాగుతుంది, గాలిలో పెట్రోలు కలపడమే దాని పని. మరి తేడా ఎందుకొస్తుందంటే, పొగ నిబంధనల కోసం, మైలేజీ కోసం కంపెనీలు పెట్రోలును ముందే పొదుపుగా సెట్ చేసి పంపుతాయి. అలాంటి బండి చిన్న మార్పుకే 'లీన్' అయిపోతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు. కేజీ పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కేజీల గాలి కావాలి. ఫుల్‌గా తిప్పినప్పుడు బలం రావాలంటే ఆ గాలి 13 కేజీల దగ్గర ఉండాలి.

ముందు బెండు పైపు ఇంజన్‌కి అతుక్కునే చోటు, సైలెన్సర్ జాయింటు చూడండి. అక్కడ సందు ఉంటే, యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటి గాలి లోపలికి దూరి, కాలకుండా మిగిలిన పెట్రోలు పైపులోనే అంటుకుని ఢబ్‌మంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, పైపు వేడెక్కకముందే జాయింటు పక్కన చెయ్యి పెడితే గాలి కొడుతుందో లేదో తెలిసిపోతుంది. చాలా బళ్లలో జబ్బు ఇదే. జాయింటు మధ్య ఉండే గ్యాస్కెట్ రింగు మారిస్తే పోతుంది.

జాయింటు బాగుంటే అప్పుడు కార్బొరేటర్. యాక్సిలరేటర్ గ్రిప్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. పావు గుర్తు దాకా పెట్రోలు సంగతి పైలట్ జెట్ అనే చిన్న జెట్, దాని పక్క స్క్రూ చూసుకుంటాయి. అక్కణ్ణుంచి ముప్పావు దాకా ముఖ్యంగా నీడిల్, అంటే గ్రిప్ తిప్పితే పైకి లేచే సూది. ఆ పైన మెయిన్ జెట్. ఇబ్బంది ఎక్కడ వస్తోందో తెలియకుండా మెయిన్ జెట్ మార్చడం, పంటి నొప్పికి మోకాలికి కట్టు కట్టడం లాంటిదే. మీ బండి ఢబ్‌మనేది గ్రిప్ పూర్తిగా వదిలినప్పుడు కదా, అక్కడ మెయిన్ జెట్‌కి పనే లేదు.

స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిది, లోపలికి తిప్పితే పెట్రోలు వాటా పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలుది, బయటికి తిప్పాలి. నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసి పెట్టుకోండి. అనుమానముంటే నడుస్తుండగా చోక్ (పెట్రోలు వాటా పెంచే మీట) కొంచెం లాగి చూడండి. లాగుడు మెరుగైతే లీన్ అన్నట్టే.

ఆఖరి సాక్షి స్పార్క్ ప్లగ్. దాని కొన దగ్గరి పింగాణీ తెల్లగా ఉంటే లీన్, మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, లేత కాఫీ రంగుంటే బాగున్నట్టు. ట్రాఫిక్‌లో పాకిన బండి ప్లగ్ ఏమీ చెప్పదు. ఖాళీ రోడ్డు మీద ఒకే థ్రాటిల్‌లో కొంతసేపు నడిపి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆపేసి, పక్కన నిలిపాక విప్పాలి.

మీ స్నేహితుడి యమహా ఆర్ఎక్స్100 సంగతి వేరు, అది టూ స్ట్రోక్ బండి. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ కూడా ఇంజన్‌లో భాగమే. బయటికి జారే కొత్త మిశ్రమాన్ని పైపులోంచి తిరిగొచ్చే ఒత్తిడి అల మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. లోపలి గొట్టం కోసేస్తే శబ్దం పెరుగుతుంది, లాగుడు తగ్గొచ్చు. పైగా లీన్ అయితే పిస్టన్ వేడికి సిలిండర్‌లో బిగుసుకుపోవచ్చు. కోయొద్దని చెప్పండి.

శబ్దం పెరిగితే స్పీడు పెరిగినట్టే అనిపిస్తుంది, అది చెవుల భ్రమ. పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలర్ కింద తొక్కించడం మీరూ చూసే ఉంటారు. కంపెనీది పారేయకండి.

ఆదివారం బండి తీసుకురండి. వచ్చేముందు ప్లగ్ తుడవొద్దు.

మీ మామయ్య