రాజురా పత్తి చేలలో ఎర్ర బిళ్ల

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని రాజురా 1956 నవంబరు 1 దాకా ఆదిలాబాద్ జిల్లా తాలూకా. రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఏ భాషవారి చేనైనా పండేది పత్తే. స్వతంత్ర భారత్ పక్ష అనే చిన్న పార్టీకి ఈ మూలన ఓట్లెందుకు పడ్డాయో తెలియాలంటే ఆ పత్తి దగ్గరే మొదలుపెట్టాలి.

1972లో మహారాష్ట్ర పత్తి కొనుగోలును ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చింది. రైతు ప్రభుత్వ కేంద్రంలోనే అమ్మాలి. డబ్బు విడతలుగా చేతికందేది. పదహారేళ్ల కిందట తమ జిల్లా కేంద్రమైన ఆదిలాబాద్‌లో ధర ఎక్కువ పలికినా అక్కడికి పత్తి బండి తోలడం నేరమైంది. సొంత పంటకు రైతునే దొంగను చేసిన చట్టమది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఆ కోపానికి మాటలిచ్చినవాడు శరద్ జోషి. స్విట్జర్లాండ్‌లో అంతర్జాతీయ తపాలా సంస్థ ఉద్యోగం వదిలి, పుణె దగ్గర సేద్యం మొదలుపెట్టి, 1979లో శేత్కరీ సంఘటన అనే రైతు సంఘాన్ని స్థాపించారు. 'భీక్ నకో, హవే ఘామాచే దామ్' అన్నది దాని నినాదం: బిచ్చం వద్దు, చెమటకు ధర కావాలి. చొక్కాకు పెట్టుకునే గుండ్రటి ఎర్ర బిళ్ల దాని గుర్తు. ఆ ఉద్యమం నుంచే 1994లో పార్టీ పుట్టింది. ఎగుమతులు ఆపవద్దు, పంటను రైతు తనకిష్టమైన చోట అమ్ముకోనివ్వండి అన్నది దాని విధానాల సారం. దానికి తూర్పు మహారాష్ట్రలోని విదర్భను ప్రత్యేక రాష్ట్రం చేయాలన్న డిమాండు తోడైంది.

భార్య పేర భూమి రాయించే 'లక్ష్మీ ముక్తి' కూడా ఈ ఉద్యమానిదే. చట్టం చెప్పకుండానే మగవాళ్లు భూమి రాసివ్వడం చిన్న విషయం కాదు. అదే జోషి 2010 మార్చిలో రాజ్యసభలో మహిళా రిజర్వేషన్ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. వ్యతిరేక ఓటు ఆయనదొక్కటే. అది పొరపాటనే నా అభిప్రాయం.

పార్టీకి పునాది సొంత భూమి ఉన్న పత్తి రైతు. ధర పెరిగితే కూలీ కూడా పెరుగుతుందన్న వాదన భూమిలేనివారిని అంతగా కదిలించలేదు. నా దృష్టిలో పార్టీ ఎదగకపోవడానికి అసలు కారణం ఇదే. 2000 తర్వాత గుత్తాధిపత్యం సడలింది, రాజురా పత్తి హద్దు దాటడం నేరం కాకుండా పోయింది. అయినా 2004లో వామన్‌రావు చటప్‌ను రాజురా ఈ పార్టీ తరఫునే శాసనసభకు పంపింది. 2019లో ఆయన మళ్లీ నిలబడి, సుమారు 2,500 ఓట్ల తేడాతో ఓడిపోయారు.