ఉప్పుగాలిలో ఉప్పు ఎంత, పొగ ఎంత?

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో సాయంత్రం ఒక గంట కూర్చుని లేస్తే కళ్లద్దాల మీద పలచని తెల్లటి పొర పేరుకుంటుంది. వేలితో తీసి నాలుకకు రాసుకుంటే ఉప్పు. బరంపురంలో మా మేడ మీది నీళ్ల ట్యాంకు మూత తుడిస్తే మాత్రం గుడ్డ నల్లబడుతుంది. రెండింటికీ మధ్య పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. ఈ తెలుపూ ఆ నలుపూ గాలిలో కలుసుకున్నప్పుడు జరిగేదే అసలు కథ.

అల విరిగినప్పుడు నురగలోని బుడగలు చిట్లి, కంటికి ఆనని తుంపరలను పైకి ఎగజిమ్ముతాయి. నీరు ఆరిపోయాక ఉప్పు రేణువు మిగులుతుంది. ఊపిరితిత్తుల లోతులకు చేరగలిగేవి 2.5 మైక్రోమీటర్లకన్నా సన్నటి కణాలు. వెంట్రుక మందంలో అది దాదాపు ముప్పయ్యో వంతు. ఉప్పు రేణువుల బరువులో ఎక్కువ భాగం అంతకన్నా పెద్ద వాటిదే. వాటిలో చాలావాటిని ముక్కు, గొంతు ఆపేస్తాయి. కిటికీ చువ్వలు తుప్పు పట్టడం తప్ప ఉప్పుతో మనకు పెద్ద పేచీ లేదు.

సముద్రపు నీటిలో ఒక గ్రాము సోడియానికి సుమారు 1.8 గ్రాముల క్లోరైడ్, 0.25 గ్రాముల సల్ఫేట్ ఉంటాయి. ఏ మహాసముద్రంలో ముంచి చూసినా ఈ పాళ్లు దాదాపు మారవు. నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది. గాలిని వడపోత కాగితం గుండా లాగి, దాని మీద చిక్కిన దుమ్ములో సోడియం కొలిస్తే, సముద్రం పంపినవి ఏవి ఎంతెంత ఉండాలో తెలిసిపోతుంది. ఆ లెక్కకు తక్కువైనా ఎక్కువైనా కారణం వెతకాల్సిందే.

తీర పట్టణాల్లో తరచుగా తగ్గేది క్లోరైడ్. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో నైట్రిక్ ఆమ్లంగా మారి ఉప్పు రేణువును పట్టుకుంటాయి. క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిగా లేచిపోతుంది, రేణువులో సోడియం నైట్రేట్ మిగులుతుంది. అంటే ఆ రేణువులో సగం సముద్రానిది, సగం రోడ్డుది.

ఎక్కువగా కనిపించేది సల్ఫేట్. సముద్రంలోని సూక్ష్మ వృక్షజాలం విడిచే గంధకపు వాయువు నుంచి కొంత వస్తుంది, కాదనలేం. బొగ్గు విద్యుత్ కేంద్రాలు, ఓడల ఇంధనం నుంచి వచ్చేది వేరు. ఓడల్లో మండే చిక్కటి నూనెకు వెనేడియం, నికెల్ గుర్తులు. ఆ నూనెలో గంధకం పరిమితిని 2020లో 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. పొలాల్లోని యూరియా, పశువుల పేడ నుంచి వచ్చే అమ్మోనియా తోడైతే అమ్మోనియం సల్ఫేట్ తయారవుతుంది. లోపలికి చేరే సన్నటి కణం అది.

నేలదుమ్మును సాధారణంగా అల్యూమినియం, ఇనుము, టైటానియంతో గుర్తుపడతారు. ఛత్రపురం వైపు ఇసుకలో నల్లటి ఇల్మెనైట్ ఉంది, అది ఇనుము, టైటానియంల ఖనిజమే. ఇక్కడి వడపోత కాగితాల మీద ఇనుము, టైటానియం కనిపిస్తే అవి ఆ ఇసుకవి కూడా కావచ్చని మరవకూడదు.

చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తూ గంగా మైదానపు పొగను బంగాళాఖాతం మీదికి తోస్తుంది. 1999లో జరిగిన హిందూ మహాసముద్ర ప్రయోగంలో నడిసముద్రం మీద కూడా మసి కలిసిన గోధుమరంగు పొగమంచు కనిపించింది. రాత్రి నేలగాలి ఊరి పొగను కడలి మీదికి తీసుకెళ్తే, పగటి సముద్రపు గాలి అందులో కొంత తిరిగి తెస్తుంది. సముద్రం నుంచి వచ్చింది కాబట్టి శుభ్రమైన గాలి అనుకోవడానికి లేదు.

మన దేశంలో 2.5 మైక్రోమీటర్ల కణాలకు రోజువారీ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. రెండూ బరువులే. ఉప్పు బరువూ మసి బరువూ ఒకే అంకెలో కలిసిపోవడం నాకు మింగుడుపడదు.

అందుకే, అవకాశం వస్తే నా మొదటి వడపోత కాగితాన్ని ఏ కూడలిలోనూ పెట్టను. గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్ల మధ్య, పొద్దుగుంకి గాలి పడిపోయే వేళ పెడతాను. పొయ్యిలో సరుగుడు పుల్లలు, ఎండుటాకులు మండుతుంటాయి. కర్రలోని సెల్యులోజ్ కాలితే పుట్టే, కట్టెల పొగకు గుర్తైన లెవోగ్లూకోసాన్ ఆ కాగితం మీద ఎంత చిక్కుతుందో, పక్కనే సోడియం ఎంత ఉంటుందో చూడాలి.